వేగమునకు ఓర్చు ఇంజను

మోటారు కార్ల పందెము జరుగుచోటికి పోయి చూచినవారికి చిరకాలము గుర్తుండునది కంటికి కనబడినది కాదు, చెవికి వినబడినది. కారు ఇంకను వంపు తిరిగి కనబడకమునుపే దాని ధ్వని వచ్చును. అది మన వీధులలో పోవు బస్సు చప్పుడువలె బొంగురుగా నుండదు. సన్నాయిపై తారస్థాయి స్వరమును పట్టి విడువకుండ ఊదినట్లుండును. ఆ స్వరము ఎంత పైకి పోయిన, లోపలి యంత్రము అంత వేగముగా తిరుగుచున్నదని అర్థము. నిత్యము శబ్దముతో కాపురము చేయు మావంటి రేడియోవారికి ఆ స్వరముపై కుతూహలము కలుగుట సహజమే గదా.

అయితే ఆ స్వరమును ఒక్క నిమిషము వినిపించుట గొప్పగాదు. రెండు గంటలసేపు, గతి తప్పకుండ, కడపటి చుట్టు ముగియువరకు వినిపించవలయును. నడుమ ఆగిపోయిన కారు అంతవరకు ఎంత వేగముగా పోయినను దానికి ఫలము లేదు. కావున పందెపు ఇంజనును నిర్మించువాని యెదుట నున్నది రెండు మొగముల సమస్య. ఇంజను మిక్కిలి వేగముగా తిరుగవలయును, విరుగకుండ తిరుగవలయును. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుట యెట్లో, దానికై ఒక ఇంజనీరు పడిన పాట్లెట్టివో నేటి ప్రసంగమున మనవి చేయదలచితిమి.

ఇంజను పనిచేయు తీరు మీలో పలువురకు తెలిసినదే యైనను ఒకమారు జ్ఞప్తి చేయుదుము. సిలిండరు అనునది గుండ్రని లోహపు గొట్టము. దానిలో పిస్టను అను భాగము బిరడావలె బిగువుగా అమరి పైకి క్రిందికి ఆడుచుండును. పెట్రోలు కలిసిన గాలి లోనికి వచ్చును. పిస్టను దానిని అదిమి పట్టును. నిప్పురవ్వ దానిని అంటించును. ఆ మంట వేడికి గాలి ఉబ్బి పిస్టనును క్రిందికి నెట్టును. పిదప కాలిన వాయువు వెలుపలికి పోవును. పిస్టను ఆటను కనెక్టింగు రాడ్డు అను చేయి అందుకొని, క్రాంకు అను వంకర ఇరుసును త్రిప్పును. కుట్టుమిషను త్రొక్కు గృహిణులకు ఇది క్రొత్తగాదు. అక్కడ పాదముల క్రింది పలక ఊగుటచే చక్రము తిరుగుచున్నది. ఇక్కడ పిస్టను ఊగుటచే క్రాంకు తిరుగుచున్నది.

ఇంజను శక్తి రెండు లెక్కలమీద ఆధారపడియుండును. ఒక్కొక్క తడవ ఎంత గాలిని పీల్చుకొనుచున్నది? నిమిషమున కెన్ని తడవలు పీల్చుకొనుచున్నది? ఇంజనును పెద్దది చేసినచో మొదటి లెక్క పెరుగును. కాని పందెపు నియమములు అందులకు హద్దు పెట్టును. ఫార్ములా వన్ పందెములలో 1966 నుండి, గాలిని బలవంతముగా లోనికి నెట్టు సాధనములేని ఇంజనుకు 3 లీటర్ల హద్దు విధింపబడెను. ఊపిరిని పెద్దది చేయ వీలులేనపుడు ఊపిరుల సంఖ్యను పెంచుట యొక్కటే మార్గము. అనగా ఇంజనును మఱింత వేగముగా త్రిప్పవలయును. పందెపు కారు ఆ తారస్థాయిని అందుకొనుటకు మూలకారణమిదియే.

ఆ వేగమున లోపల జరుగునదేమో చూతము. నిమిషమునకు 9,000 భ్రమణములనుకొనుడు. సెకనుకు 150 భ్రమణములన్నమాట. ఒక్కొక్క భ్రమణములో పిస్టను పైకొసన ఒకమారు, క్రిందికొసన ఒకమారు పూర్తిగా ఆగి వెనుకకు మరలవలయును. అనగా సెకనుకు 300 మార్లు ఆగుట, 300 మార్లు బయలుదేరుట. పిస్టను ఆట 65 మిల్లీమీటర్ల పొడవు గల ఇంజనును తీసికొని లెక్కవేసినచో, పైకొసన దానిని ఆపి మరలించుటకు పిస్టను బరువునకు మూడువేల రెట్లకు మించిన బలము కావలసియున్నది. పిస్టను 400 గ్రాములు తూగుననుకొన్నను ఆ లాగుడు 1,200 కిలోగ్రాములను దాటును. వ్రేలెడు మందము రాడ్డునకు ఒక టన్నుకు మించిన బరువును వ్రేలాడదీసి, సెకనుకు 150 మార్లు తగిలించుచు తీసివేయుచు నున్నట్లు ఊహించుకొనుడు.

ఇంతకంటె కఠినమైన సంగతి మఱియొకటి కలదు. భ్రమణవేగము రెట్టింపైనచో ఈ బలము రెట్టింపగుటతో ఆగదు; నాలుగు రెట్లగును. 9,000 భ్రమణముల నుండి 11,000 భ్రమణములకు పోయినచో వేగము పెరిగినది అయిదింట ఒక వంతుకు కొంచెము మించి మాత్రమే. లోహముపై పడు బలము మాత్రము దాదాపు ఒకటిన్నర రెట్లగుచున్నది. వడ్డీకి వడ్డీ పెరుగు అప్పువలె, వేగమున సంపాదించిన ప్రతి అశ్వశక్తికిని లోహము ఎక్కువ మూల్యమును చెల్లించుకొనుచున్నది.

దీనికి నిర్మాతలు కనుగొన్న మొదటి ఉపాయము పిస్టను ఆటను పొట్టిచేసి సిలిండరు వెడల్పును పెంచుట. ఆట పొట్టిదైనచో అదే భ్రమణవేగమున పిస్టను పరుగు తగ్గును. రెండవ ఉపాయము ఆడుచు నుండు ప్రతి భాగమును తేలిక చేయుట. ఇచ్చట ఒక చిత్రము గమనింపదగినది. బలముకొరకు పిస్టనును మందము చేసినచో దాని బరువు పెరిగి, అది రాడ్డును మఱింత లాగును. రాడ్డును లావుచేసిన క్రాంకుపై బరువెక్కును. క్రాంకును లావుచేసిన బేరింగులపై ఒరపిడి హెచ్చును. ఒకచోట చేసిన మేలు వేరొకచోట కీడై కూర్చుండును. కాబట్టి ఎక్కడ లోహము అవసరము లేదో అక్కడ తీసివేయుటయే, అవసరమైన చోట దానిని నిలుపుటకంటె పెద్ద విద్య.

మూడవ సమస్య వాల్వులది. గాలి వచ్చుటకు, పొగ పోవుటకు తెఱచుకొని మూసికొను చిన్న తలుపులే వాల్వులు. కోడిగ్రుడ్డు ఆకారము గల క్యాము తిరుగుచు వాల్వును నొక్కి తెఱచును. స్ప్రింగు దానిని మరల మూసివేయును. 9,000 భ్రమణముల వద్ద ఒక్కొక్క వాల్వు సెకనుకు 75 మార్లు తెఱచి మూయబడవలయును. స్ప్రింగునకు సత్తువ చాలనిచో వాల్వు క్యామును వెన్నంటి రాలేక గాలిలో తేలును. పైకి వచ్చు పిస్టను దానిని మొత్తును. అంతటితో ఆ ఇంజను కథ ముగిసినట్లే. సిలిండరుకు రెండు పెద్ద వాల్వులకు మారుగా నాలుగు చిన్న వాల్వులు పెట్టినచో ఒక్కొక్కటి తేలికగా నుండును. గాలికి దారియు విశాలమగును. నేడు మన సామాన్యపు కార్లలోను నాలుగేసి వాల్వులు కనబడుచున్నవి. నాటి పందెపు ఇంజనులలో నేర్చిన పాఠమే ఇంటింటికి వచ్చినది.

సిలిండర్లను చిన్నవి చేసి వాని సంఖ్యను పెంచినచో ఎట్లుండునని మీకు తోచవచ్చును. ఇంగ్లండులో బి.ఆర్.ఎం. అను సంస్థవారికిని ఆ యాలోచనయే కలిగెను. వారు ఒకటిన్నర లీటరు ఇంజనును 16 సిలిండర్లుగా పంచి, గాలిని నెట్టు యంత్రమును జోడించి, నిమిషమునకు 10,000 భ్రమణములకు మించి త్రిప్పిరి. దాని స్వరమును విన్నవారు జీవితాంతము మఱువలేదందురు. కాని 1950 ఆగస్టులో సిల్వర్‌స్టోన్ మైదానమున ఆ కారు తొలి పందెమునకు వచ్చినపుడు, బయలుదేరు జెండా దిగినంతనే చక్రములకు శక్తినందించు భాగము విరిగి, మొదటి గీతకడనే నిలిచిపోయెను. 3 లీటర్ల నియమము వచ్చిన పిమ్మట ఆ సంస్థయే మరల 16 సిలిండర్ల ఇంజనును వేరొక రూపమున నిర్మించెను. ఎనిమిది సిలిండర్ల ఇంజనులు రెంటిని ఒకదానిపై నొకటి పేర్చి, రెండు క్రాంకులను పండ్లచక్రములతో కలిపిరి. అది మిక్కిలి బరువైనది, చిక్కైనది. ప్రపంచ చాంపియన్‌షిప్ పందెములలో దానికి దక్కిన విజయము ఒక్కటే; 1966 అక్టోబరులో అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌లో జిమ్ క్లార్క్ నడిపిన లోటస్ కారులో. భాగములు పెరిగినకొలది విరుగుటకు వీలైన చోట్లును పెరుగునని ఈ రెండు ఇంజనులును చాటిచెప్పినవి.

ఇక మా ప్రసంగమునకు నాయకుడైన వ్యక్తిని పరిచయము చేయుదుము. ఆయన పేరు కీత్ డక్‌వర్త్. 1933లో జన్మించి 2005లో కీర్తిశేషుడైన ఇంగ్లీషు ఇంజనీరు. తొలుత లోటస్ సంస్థలో గేరుపెట్టెలపై పనిచేసి, 1958లో మైక్ కాస్టిన్ అను మిత్రునితో కూడి సొంత సంస్థను స్థాపించెను. ఇద్దరి పేర్లను కలిపి దానికి కాస్‌వర్త్ అని పేరు పెట్టిరి. 1965 కడపట కొవెంట్రీ క్లైమాక్స్ అను ఇంజను నిర్మాతలు పందెముల నుండి విరమించుకొనగా లోటస్ కార్లకు ఇంజను లేకపోయెను. లోటస్ అధిపతి కాలిన్ చాప్‌మన్ ఫోర్డు సంస్థను ఆశ్రయించెను. ఫోర్డువారు లక్ష పౌన్లు ఇచ్చుటకు అంగీకరించి పనిని డక్‌వర్త్‌కు ఒప్పగించిరి. ఆ సొమ్ముతో ఆయన రెండు ఇంజనులు నిర్మించవలసియుండెను. మొదటిది నాలుగు సిలిండర్ల చిన్న ఇంజను. రెండవది 3 లీటర్ల పెద్ద ఇంజను.

ఆ వరుసలోనే ఆయన వివేకమున్నది. నాలుగు వాల్వుల శిరోభాగమును మొదట 1.6 లీటర్ల చిన్న ఇంజనులో పెట్టి, ఫార్ములా టూ పందెములలో దాని గుణదోషములను తెలిసికొనిరి. పెద్ద ఇంజను, ఒక విధముగా, అట్టి నాలుగు సిలిండర్ల వరుసలు రెంటిని ఏటవాలుగా జతపరచినట్టిది. దానికి డి.ఎఫ్.వి. అని పేరు, నాలుగు వాల్వుల ఇంజనుకు రెట్టింపు అని దాని భావము. సిలిండరు వ్యాసము 85.67 మిల్లీమీటర్లు, పిస్టను ఆట 64.90 మిల్లీమీటర్లు, మొత్తము 2,993 ఘన సెంటీమీటర్లు. ఇతరులు 12 సిలిండర్లకు, 16 సిలిండర్లకు ఎగబ్రాకుచుండగా డక్‌వర్త్ 8 సిలిండర్లతో తృప్తిపడెను. వాల్వులను దాదాపు నిలువుగా, ఇరుకైన కోణమున నిలిపెను. అందుచే పిస్టను తల చదునుగా నుండి, మంట పుట్టు గది చిన్నదై, మంట త్వరగా వ్యాపించెను. ఈ ఇంజనును కారులో ఒక చట్రముపై కూర్చుండబెట్టలేదు. ఇంజనే కారు వెన్నెముక. ముందు భాగము దానికి బిగింపబడెను, వెనుక చక్రములు దానినుండియే వ్రేలాడెను. 1967లో అది నిమిషమునకు 9,000 భ్రమణములవద్ద సుమారు 400 అశ్వశక్తుల నిచ్చెను.

1967 జూన్ 4వ తేదీన హాలెండు దేశమున సముద్రతీరపు ఇసుకతిన్నెల నడుమనున్న జాండ్‌వోర్ట్ పథముపై ఈ ఇంజను మొదటిమారు పందెములో దిగెను. లోటస్ కార్లు రెండు. ఒకదానిని గ్రాహమ్ హిల్, రెండవదానిని జిమ్ క్లార్క్ నడపిరి. హిల్ అందఱికంటె ముందు స్థానమున బయలుదేరి పది చుట్లవరకు ఆధిక్యము నిలుపుకొనెను. పదకొండవ చుట్టులో ఆయన ఇంజను మూగవోయెను. క్యాములను త్రిప్పు పండ్లచక్రము విరిగిపోయినది. క్లార్క్ మాత్రము వెనుకనుండి ఒక్కొక్కరినే దాటుకొనుచు వచ్చి పందెము గెలిచెను. క్రొత్త ఇంజను తొలి పందెముననే గెలుచుట అపురూపమైన విషయము. పత్రికలు జేజేలు పలికినవి. కాని నిర్మాత మనస్సు గెలిచిన ఇంజనుపైన గాక, విరిగిన చక్రముపైన నుండుట న్యాయము. ఏలయన రెండు ఇంజనులును ఒకే నమూనా. ఒకదానిలో విరిగినది రెండవదానిలో విరుగకపోవుట అదృష్టమేగాని ఆరోగ్యము గాదు.

ఆ సంవత్సరపు శేషకథయు అట్లే సాగెను. క్లార్క్ నాలుగు పందెములు గెలిచెను. అయినను ప్రపంచ చాంపియన్ కాలేకపోయెను. ఫ్రాన్సులో హిల్, క్లార్క్ ఇద్దరును ముందంజలో నుండగనే వెనుక ఇరుసును త్రిప్పు పండ్లచక్రములు విరిగినవి. ఇటలీలోని మోంజా పథముపై క్లార్క్ ఒక పూర్తి చుట్టు వెనుకబడియు, ఆ వెలితిని పూడ్చుకొని తిరిగి అగ్రస్థానమునకు వచ్చినపుడు, కడపటి చుట్టులో పెట్రోలు సరిగా అందక మూడవవాడై ముగించెను. అంతకంటె నిదానమైన ఇంజనుతో, తక్కువమార్లు ఆగిపోయిన డెన్నీ హల్మ్ ఆ యేటి కిరీటమును ధరించెను. అందఱికంటె వేగముగల కారు, అందఱికంటె నేర్పుగల చోదకుడు కలిసియు మూడవ స్థానమే దక్కినది. వేగమునకు ఓర్పు తోడు లేకున్న ఫలమిట్లుండును.

ఇచ్చట మా యనుభవమొకటి చెప్పుకొనుట అసందర్భము కాదనుకొందుము. చాల ఏండ్ల క్రిందట మేము ఒక చిన్న ఊరి ప్రసారకేంద్రమున పనిచేయుచుంటిమి. కరెంటు పోయినపుడు ఆదుకొనుటకు అక్కడ ఒక డీజిలు జనరేటరు ఉండెను. దానికి నూనె నందించు సన్నని రాగిగొట్టము అతుకు దగ్గర మాటిమాటికి చీలుచుండెడిది. చీలినపుడెల్ల మేము దానిని మఱింత మందముగా అతికించుచుంటిమి. ఒకనాటి సాయంకాలము గాలివాన వచ్చి కరెంటు పోయినది. తీరప్రాంతపువారు తుపాను వార్తకొరకు రేడియోల దగ్గర కూర్చుండియుండు సమయము. జనరేటరు ఆరు నిమిషములు నడచి ఆగిపోయినది. గొట్టము ఈమారు మా లావుపాటి అతుకు ప్రక్కనే చీలినది. మరల ప్రసారము సాగునప్పటికి పావుగంట పట్టినది. ఆ పావుగంట మౌనము మాకు నేటికిని చెవులలో వినబడుచునే యున్నది.

మఱునాడు ఒక వృద్ధ మేస్త్రీని పిలిపించితిమి. అతడు పనిముట్లు తీయలేదు. జనరేటరు నడిపించి, గొట్టముపై రెండు వ్రేళ్లు ఆనించి, కన్నులు మూసికొని కొంతసేపు నిలుచుండెను. పిదప, "అయ్యగారూ, ఇది బలం చాలక విరగటం లేదండి. ఒణకటానికి చోటు లేక విరుగుతోంది" అనెను. మా అతుకులన్నియు కోసివేసి, రాగిగొట్టమును మధ్యలో రెండు చుట్లు చుట్టి ఉంగరమువలె వ్రేలాడనిచ్చెను. అటుపిమ్మట మేమక్కడ నున్నంతకాలము ఆ గొట్టము చీలలేదు.

డక్‌వర్త్ ఇంజనులోని రోగమును అట్టిదే. క్యాములను త్రిప్పు పండ్లచక్రములు ఎందుకు విరుగుచున్నవి? తొలుత వానిని బలపరచిరి. కొంత మేలు కలిగెను గాని రోగము నిర్మూలము కాలేదు. నిదానించి చూడగా తెలిసినదేమనగా, ఆ చక్రములపై పడు బలము లెక్కలో వేసికొన్నదానికంటె చాల ఎక్కువ. క్యాము వాల్వును తెఱచునపుడు స్ప్రింగు దానిని ఎదిరించి వెనుకకు నెట్టుచున్నది. వాల్వు మూసికొనునపుడు అదే స్ప్రింగు క్యామును ముందుకు తోయుచున్నది. కావున చక్రపు పండ్లు ఒకే వైపు ఆనుకొనియుండక, అటునిటు సుత్తితో కొట్టినట్లు కొట్టుకొనుచున్నవి. మఱియొక ప్రక్క క్రాంకు సహితము సమముగా తిరుగుటలేదు. ఒక్కొక్క మంటకు ఒక్కొక్క కుదుపు తినుచు, సన్నగా మెలిపడుచు విడివడుచు నున్నది.

ఊయలలోని పిల్లను చూడుడు. దాని ఊపునకు సరిగా కలియునట్లు చిటికెనవ్రేలితో నెట్టినను ఊయల ఇంటికప్పు నంటునంత ఎత్తు లేచును. ఇంజనులోని కుదుపులు కొన్ని వేగములవద్ద ఆ చక్రముల సహజమైన ఊపుతో ఏకమైనపుడు, చిన్న కుదుపే పెద్ద దెబ్బయగును. అట్టిచోట ఉక్కును లావు చేసినందువలన ప్రయోజనము స్వల్పము.

1970 దశకపు తొలినాళ్లలో డక్‌వర్త్ దీనికి సమూలమైన చికిత్స చేసెను. చక్రములలో ఒకదాని నాభిలో పన్నెండు సన్నని ఉక్కు కడ్డీలను గుండ్రముగా అమర్చెను. క్రాంకు నుండి వచ్చు శక్తి ఆ కడ్డీల గుండా పోయి క్యాములను చేరవలయును. కుదుపు వచ్చినపుడు ఒక్కొక్క కడ్డీయు ఇంచుక మెలిపడి, దెబ్బను తనలో ఇముడ్చుకొని, మరల నిటారగును. అరచేతిలో పట్టు చిన్న వస్తువు. దానితో పండ్లు విరుగుట ఆగిపోయెను. విరుగుచున్న చోట బలమును కలుపక, లొంగుటకు కొంచెము చోటు కల్పించుటయే ఆ చికిత్స. ఆ వార్త చదివిన దినమున మాకు మా రాగిగొట్టము, ఆ వృద్ధ మేస్త్రీ వ్రేళ్లు జ్ఞప్తికి వచ్చినవి. ఒకరు విశ్వవిద్యాలయమున చదివినవారు, ఒకరు వీధిలో నేర్చినవారు. ఇద్దరును విరిగినదానిని నిందింపక, విరిచినదానిని వెదకిరి.

శత్రువు ఇది యొక్కటే గాదు. నూనె సంగతి చూడుడు. బేరింగునకు, ఇరుసునకు నడుమ వెండ్రుకకంటె పలుచని నూనెపొర యుండును. లోహము లోహమును తాకకుండ కాపాడునది ఆ పొరయే. పందెపు కారు వంపులో దూసికొనిపోవునపుడు నూనె యంతయు ఒక మూలకు పరుగిడును. పీల్చు గొట్టమునకు నూనెకు బదులు గాలి దొరికినచో బేరింగు కొన్ని క్షణములలో మాడిపోవును. కావున పందెపు ఇంజను అడుగున నూనెను నిలువ ఉంచరు. జారిపడిన నూనెను పంపులతో వెంటనే తోడి, వేరొక తొట్టికి పంపి, అక్కడనుండి మరల బేరింగులకు అందింతురు. తిరుగు క్రాంకు నూనెను చిలికి నురుగు చేయును. మజ్జిగను కవ్వము చిలికినట్లే. నురుగులోని గాలిని వేరు చేయనిదే ఆ నూనె పనికిరాదు. దానికొఱకు కాస్‌వర్త్‌వారు నూనెను గిఱ్ఱున త్రిప్పి గాలిని విడదీయు సాధనమును అమర్చిరి.

ఇక బోల్టులు. కనెక్టింగు రాడ్డు క్రింది మూతను బిగించు రెండు బోల్టులపై ఇంజను ప్రాణమంతయు నిలిచియుండును. వానిని ఊరక బిగించుట చాలదు. బోల్టు స్ప్రింగువలె కొలతప్రకారము కొంచెము సాగునంతవరకు బిగింతురు. అట్లు ముందుగనే సాగి గట్టిగా పట్టుకొనియున్న బోల్టునకు, పిస్టను లాగుళ్లలోని హెచ్చుతగ్గులు చాలవరకు తెలియవు. వదులుగా నున్న బోల్టు ప్రతి లాగుడును పూర్తిగా అనుభవించి, లక్షల లాగుళ్ల పిదప అలసి తెగును. లోహమునకును అలసట కలదు. ఒకమారు వంచిన విరుగని తీగ, అటునిటు పలుమార్లు వంచిన పుటుక్కున తెగుట మనమెఱిగినదే. ఆ చీలిక మొదట కంటికి కనబడనంత సన్నని గీటువద్ద పుట్టును. అందువలననే క్రాంకును, రాడ్డులను అద్దమువలె నునుపు చేయుదురు. అయస్కాంతము సాయముతో దాగిన చీలికలను పరీక్షింతురు. ఏ భాగము ఎన్ని గంటలు తిరిగినదో పుస్తకములో వ్రాసికొందురు. చూచుటకు క్రొత్తగా నున్నను, గడువు తీరిన బోల్టును నిర్దాక్షిణ్యముగా పారవేయుదురు. నమ్మకమైన ఇంజను వెనుక ఒక మహామేధావి యున్నాడనుకొందుము. అతని వెనుక ఇట్టి లెక్కపుస్తకమును చక్కగా వ్రాయు గుమాస్తాబుద్ధియు నుండవలయును.

ఈ శ్రమకు ఫలమేమి? హిల్ ఇంజనును ఆపివేసిన ఆ నమూనాయే, దిద్దుబాట్లతో, 1967 నుండి 1983 వరకు 155 ప్రపంచ చాంపియన్‌షిప్ పందెములను గెలిచెను. 12 మార్లు దానితో పోటీచేసినవారే ప్రపంచ చాంపియన్లయిరి. కడపటి విజయము 1983లో అమెరికాలోని డెట్రాయిట్ నగరవీధులలో మికేలే అల్బొరేటోకు లభించెను. అప్పటికి ఆ ఇంజను 11,000 భ్రమణముల వరకు తిరుగుచు 500 అశ్వశక్తులకు పైగా నిచ్చుచుండెను. రెండు గంటల పందెమునకై పుట్టిన ఆ ఇంజను, వేగమును కొంత తగ్గించి నడపగా, 1975లో ఫ్రాన్సులోని లె మాన్‌లో 24 గంటల పందెమును సైతము గెలిచెను. జాకీ ఇక్స్, డెరెక్ బెల్ అను ఇద్దరు చోదకులు దానిని నడపిరి. పదునొకండు చుట్లైనను పూర్తిగా నడువలేక ఆగిపోయిన తొలి దినమునకును, పగలు రాత్రి తిరిగిన ఆ దినమునకును నడుమ ఎనిమిదేండ్ల ఓర్పున్నది.

విద్య అక్కడ ఆగలేదు. ఉక్కు స్ప్రింగు అలసటను తప్పించుటకు 1986లో రెనో సంస్థవారు ఫార్ములా వన్ ఇంజనులో అదిమి పట్టిన వాయువుచే వాల్వులను మూయు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఆ దారినే పోయి 2006లో కాస్‌వర్త్ ఇంజను నిమిషమునకు 20,000 భ్రమణముల నందుకొనెను. తరువాత నియమకర్తలే హద్దు పెట్టిరి: 2007లో 19,000, 2009లో 18,000 భ్రమణములు. మఱియొక నియమము ఇంకను అర్థవంతమైనది. 2004లో ఒక్క ఇంజనుతోనే ఒక పందెపు వారాంతమంతయు గడపవలయుననిరి. 2005లో ఒకే ఇంజను రెండు పందెములకు రావలయుననిరి. పూర్వము ఓర్పు గెలుపునకు ఉపాయము, ఇప్పుడది చట్టమైనది.

శ్రోతలారా, మన యిండ్లలో పందెపు కార్లు లేవు. స్కూటరో, మోటారు సైకిలో, చిన్న కారో ఉండవచ్చును. వానికిని ఈ పాఠము వర్తించును. ఉదయము నడిపించిన వెంటనే ఇంజనును పెద్దగొంతుతో అరపింపకుడు. నూనె వెచ్చబడి నలుమూలలకు చేరువరకు నిదానముగా పోనిండు. ఏదేని భాగము ఒకమారు విరిగిన మార్పింపుడు. అదే భాగము రెండవమారు విరిగినచో, ఇంతకంటె లావైనది కావలెనని అడుగుటకు ముందు, అది ఏల విరుగుచున్నదని మేస్త్రీని అడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మేస్త్రీ దొరికినచో ఆయనను విడువకుడు.